చేప కడుపులో సీసం

తూకం మీద అయిదు చేపలు. తెర మీద అంకెలు ఊగాయి. ఊగి ఊగి ఒకచోట నిలబడ్డాయి.

33.91 పౌండ్లు. మన లెక్కలో 15 కిలోల పైమాట.

చుట్టూ మూగిన జనంలోంచి గొణుగుడు లేచింది. వాళ్లంతా అదే రోజు, అదే నీళ్లలో, అదే చేప కోసం గాలం వేసి వచ్చినవాళ్లు. ఈరీ సరస్సులో ఎంత పొడుగు చేప ఎంత తూగుతుందో వాళ్ల చేతులకి తెలుసు. ఎదురుగా ఉన్న చేపలు కంటికి ఒక బరువు చెప్తున్నాయి. తూకం ఇంకో బరువు చెప్తోంది.

రెండిట్లో ఒకటి అబద్ధం.

అది 2022 సెప్టెంబర్ 30, శుక్రవారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరం, సరస్సు ఒడ్డున గోర్డన్ పార్క్. పోటీ పేరు ‘లేక్ ఈరీ వాలై ట్రెయిల్’. వాలై ఆ చేప పేరు. ఆ ఏడాది వరసలో ఇదే ఆఖరిది. తూకం మీదున్న చేపలు జేకబ్ రన్యన్, చేజ్ కొమిన్‌స్కీ అనే జోడీవి. ఈ తూకం నిలబడితే గెలుపు వాళ్లది. 28,760 డాలర్లు వాళ్ల చేతిలో పడతాయి. అప్పటి మారకంలో 23 లక్షల రూపాయల పైచిలుకు.

నిర్వాహకుడు జేసన్ ఫిషర్ చేపల వైపు చూశాడు. చూడ్డానికి ఒక్కోటీ 4 పౌండ్ల చేప. అయిదూ కలిపితే 20. మరి ఆ పైన పద్నాలుగు ఎక్కణ్ణించి వచ్చింది?

ఆయన చేప మీద చెయ్యి వేశాడు.

అప్పుడాయన చేసిన పని మన హైదరాబాద్ ఉప్పల్‌లోనో నాచారంలోనో ఆదివారం పొద్దున సంచీ పట్టుకుని చేపలకి వెళ్లే ఎవరికైనా తెలిసిందే. తొట్లో కొర్రమట్టలు మెలికలు తిరుగుతుంటాయి. నీళ్లు చిమ్మి చెప్పులు తడుస్తాయి. కొనేవాడు మొప్ప లేపి ఎరుపు చూస్తాడు, కన్ను చూస్తాడు, కడుపు మీద బొటనవేలు పెట్టి నొక్కుతాడు. “నిన్నటి మాలు గాదు గదా అన్నా?” అంటాడు. “నొక్కి చూడు తమ్మీ, పానంతో ఉన్నది” అంటాడు అమ్మేవాడు. మాట మీద నమ్మకం ఉన్నా సరే, వేలు తన పని తను చేసుకుపోతుంది. ఫిషర్ వేళ్లూ అలాగే నొక్కాయి.

మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా ఏదో తగిలింది.

చేపల పోటీలో అనుమానం చిన్న మాట కాదు. ఎందుకంటే ఈ ఆటకి అంపైర్ లేడు. ఉప్పల్ స్టేడియంలో బంతి ప్యాడ్‌కి తగిలిందా బ్యాట్‌కి తగిలిందా అని తేల్చడానికి ఇద్దరు అంపైర్లు, మూడో అంపైరు, డజన్ల కెమెరాలు. నీళ్ల మీద అవేవీ లేవు. రెండు మైళ్ల అవతల ఒక పడవ, అందులో ఇద్దరు మనుషులు, చుట్టూ నీళ్లు. వాళ్లేం చేశారో వాళ్లకే తెలియాలి. రేవుకి తిరిగొచ్చాక తూకం ఒక్కటే సాక్షి.

పెద్ద పోటీలే కాదు, చిన్నవాటిదీ ఇదే కథ. అమెరికాలో ఎండాకాలమంతా నదుల మీదా చెరువుల మీదా వారం మధ్యలో సాయంత్రం పోటీలు జరుగుతాయి. పని దిగి, బట్టలు మార్చుకుని, పడవని బండికి తగిలించుకుని రేవుకి వచ్చేస్తారు. అందరూ తలా కొంత డబ్బు వేస్తారు, అది ఒక కుండలో చేరుతుంది, పొద్దు వాలేలోపు బాస్ అనే వేటచేపల్ని పట్టి పడవలోనే నీటితొట్టిలో ప్రాణంతో ఉంచి తెస్తారు, అయిదు చేపల బరువు ఎవరిది ఎక్కువైతే ఆ కుండ వాళ్లది, తూకం అవగానే చేపల్ని మళ్లీ నీళ్లలో వదిలేసి అందరూ ఇళ్లకి పోతారు. పొద్దున్నే మళ్లీ ఉద్యోగం.

ఈ ఆటకి ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు అలబామా రాష్ట్రానికి చెందిన రే స్కాట్ అనే బీమా ఏజెంటు. 1967 జూన్‌లో ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద ఆయన జాతీయ స్థాయి బాస్ పోటీ పెట్టాడు. తలా 100 డాలర్లు కట్టి 106 మంది వచ్చారు. అప్పట్లో చేపల పోటీలంటే జనానికి నమ్మకం తక్కువ. మోసాలు మామూలు. స్కాట్ కఠినమైన నియమాలు పెట్టాడు. 1972లో పట్టిన చేపని చంపొద్దు, వదిలెయ్యమని ప్రచారం మొదలెట్టాడు. ఆట పెరిగింది, బహుమతులు వేల నుంచి లక్షల డాలర్లకి ఎగబాకాయి. డబ్బుతో పాటు పాత రోగం కూడా తిరిగొచ్చింది.

2009లో టెక్సస్‌లో ఆ రోగం బయటపడింది. బహుమతి 55,000 డాలర్ల పడవ. ఒకాయన తెచ్చిన బాస్ పది పౌండ్లు దాటింది. తూకం అయ్యాక దాన్ని నీళ్లతొట్టిలో వేశారు. ప్రాణమున్న చేప నీళ్ల మధ్యలో నిలబడాలి. ఇది నేరుగా అడుక్కి దిగిపోయింది. లోపల ఒక పౌండు సీసం. ఆయనకి 15 రోజుల జైలు పడింది, అయిదేళ్లు నిఘాలో ఉండమన్నారు. 2011లో టెక్సస్ తన చట్టాన్ని బిగించింది. 10,000 డాలర్లు, అంతకు మించిన బహుమతి ఉన్న చేపల పోటీలో మోసం చేస్తే అక్కడ అది పెద్ద నేరమే.

గోర్డన్ పార్క్‌లో ఇప్పుడు తొట్టి అక్కర్లేకపోయింది. ఫిషర్ చేతిలో కత్తి ఉంది.

ఆయన వంగాడు. జనం దగ్గరకి జరిగారు. ఫోన్లు పైకి లేచాయి. రన్యన్ కొన్ని అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు. పారిపోలేదు. నోరు విప్పలేదు. కత్తి కడుపు మీద దిగింది. ఫిషర్ వేళ్లు లోపలికి పోయాయి. బయటికి వచ్చినప్పుడు వాటి మధ్య కోడిగుడ్డు ఆకారంలో నల్లటి ముద్ద ఒకటి రక్తంతో తడిసి ఉంది.

సీసం గుండు.

“చేపల్లో గుండ్లున్నాయి!” ఫిషర్ అరిచాడు.

ఒక్కసారి గుంపు పగిలింది. ఎంట్రీ డబ్బులు కట్టినవాళ్లు, నిద్ర మానుకుని పడవలెక్కినవాళ్లు, గడిచిన నెలల్లో ఇదే జోడీ చేతిలో ఓడి చేతులు కలిపి అభినందించి ఇంటికి పోయినవాళ్లు, అందరి కోపం ఒక్కచోటికి పోటెత్తి, తిట్లు, శాపాలు, పోలీసుల్ని పిలవమనే కేకలు, ఎంతెంత డబ్బు ఎవరెవరి దగ్గర దోచుకున్నావో చెప్పమనే నిలదీతలు, అన్నీ కలగలిసి ఆ నిలబడ్డ మనిషి మీద విరుచుకుపడ్డాయి. రన్యన్ కదల్లేదు. ఫిషర్ మధ్యలో నిలబడ్డాడు. అతని మీద చెయ్యి వెయ్యొద్దని గుంపుని ఆపాడు. మోసపోయినవాళ్లలో తనూ ఒకడు. అయినా దెబ్బ పడనివ్వలేదు.

కత్తి మాత్రం ఆగలేదు. ఇంకో చేప. ఇంకో గుండు. ఆ తర్వాత వేళ్లకి తగిలింది సీసం కాదు.

మాంసం ముక్కలు. ఎముక తీసి, తోలు ఒలిచి, శుభ్రంగా కోసిన వాలై చేప ముక్కలు. చేప కడుపులో చేప. గుండు ఒక్కటే పెడితే కడుపులో దొర్లుతుంది, నొక్కితే దొరికిపోతుంది. మెత్తటి ముక్కలు బరువూ ఇస్తాయి, చేతికీ దొరకవు.

లెక్క తేలింది. మొత్తం 10 గుండ్లు. ఎనిమిది గుండ్లు ఒక్కోటి 12 ఔన్సులవి, రెండు గుండ్లు ఒక్కోటి 8 ఔన్సులవి. సీసమే 7 పౌండ్లు. మూడు కిలోల పైన. ఆ పైన మాంసం ముక్కల బరువు. గాలం దారం కిందికి దిగడం కోసం కట్టే సీసాన్ని చేప గొంతులోంచి దింపారు.

ఫోన్లలో తీసిన ఆ వీడియో రాత్రికి రాత్రే దేశం దాటింది. గాలం పట్టుకోవడం తెలియనివాళ్లు కూడా చూశారు. లక్షల్లో చూశారు. మరి ఇది ఇవాళ్టిదేనా, ముందు నుంచీ ఉన్నదేనా?

ఆ ప్రశ్నకి పాత గొణుగుళ్లు కొన్ని ఉన్నాయి. 2021లో ఈరీ సరస్సు మీదే ఇంకో పెద్ద పోటీ జరిగింది. అందులో ఈ జోడీయే ముందు వరసలో నిలిచింది. ఆ పోటీలో బహుమతి చేతికివ్వాలంటే అబద్ధాల పరీక్షకి కూర్చోవాలి. ఛాతీకి పట్టీ, వేళ్లకి తీగలు, చేతికి రక్తపోటు కట్టు. ఒక్కో ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క మాటే జవాబు. ఇద్దరిలో ఒకరు ఆ పరీక్షలో తప్పారు. బహుమతి చేజారింది. కేసు లేదు, శిక్ష లేదు. మరుసటి ఏడాది మళ్లీ పడవ ఎక్కారు.

ఈసారి అంత తేలిగ్గా పోలేదు. అక్టోబర్ రెండో వారంలో అధికారులు వాళ్ల పడవనీ, దాన్ని లాక్కెళ్లే ట్రెయిలర్‌నీ స్వాధీనం చేసుకున్నారు. విలువ దాదాపు లక్ష డాలర్లు. అక్టోబర్ 12న అభియోగాలు నమోదయ్యాయి. మోసం. దొంగతనానికి ప్రయత్నం. నేరానికి వాడిన పనిముట్లు దగ్గర ఉంచుకోవడం. చేప ముక్కలు అక్రమంగా దగ్గర పెట్టుకున్నందుకు ఇంకొకటి. నెలాఖరులో కోర్టులో నిలబడి ఇద్దరూ తాము నేరం చెయ్యలేదన్నారు.

అయిదు నెలలు గడిచాయి. చలికాలం పోయింది. 2023 మార్చి 27న కేసు విచారణకి వచ్చింది.

ఇద్దరూ ఒప్పుకున్నారు.

మే 11న న్యాయమూర్తి స్టీవెన్ గాల్ శిక్ష చదివారు. 10 రోజుల జైలు. 2,500 డాలర్ల జరిమానా. ఆ తర్వాత ఏడాదిన్నర నిఘా. గాలం వేసే లైసెన్సు మూడేళ్లు రద్దు. పడవ జప్తు. కొన్ని సీసం గుండ్ల కోసం లక్ష డాలర్ల పడవ పోయింది, పేరు పోయింది, మూడేళ్లపాటు గాలం వేసే హక్కు పోయింది.

చేప బరువు మీద అబద్ధమాడితే జైలు. వినడానికి విచిత్రంగా ఉంటుంది. అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే అదే క్లీవ్‌లాండ్‌లో ఇంకో రోజుకి వెళ్లాలి. ఆ తూకం రోజు నుంచి 53 ఏళ్లు వెనక్కి. ఆ రోజు అక్కడ కొలవడానికి చేపే లేదు.

1969 జూన్ 22, ఆదివారం. మధ్యాహ్నం కావస్తోంది. క్లీవ్‌లాండ్ మధ్యలోంచి పారి ఈరీ సరస్సులో కలిసే కుయహోగా నది మీద ఒక రైలు వంతెన దాటుతోంది. కింద నీళ్లు నీళ్లలా లేవు. ఉక్కు మిల్లుల నూనె, గ్రీజు, రంగు ఫ్యాక్టరీల మురికి, చెత్త, కొట్టుకొచ్చిన దుంగలు, అన్నీ ఒక తెట్టు కట్టి వంతెన కాళ్ల చుట్టూ పేరుకున్నాయి. రైలు నుంచి ఒక నిప్పురవ్వ రాలింది.

నది అంటుకుంది.

మంట చెక్క వంతెనల మీదికి ఎగిసింది. అగ్నిమాపక పడవ వచ్చింది, ఒడ్డు మీంచి ఇంకో దళం వచ్చింది, అరగంటలోపే ఆర్పేశారు. రెండు రైలు వంతెనలు కాలాయి. నష్టం 50,000 డాలర్లు. ఆ మంటకి ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటోగ్రాఫర్లు చేరేసరికి ఆరిపోయింది. ఊళ్లో పేపర్లు దాన్ని పెద్ద వార్తగా కూడా చూడలేదు. ఎందుకంటే ఆ నది కాలడం అదే మొదటిసారి కాదు. వంద ఏళ్లలో డజను సార్లు అంటుకుంది. 1952లో ఇంతకంటే ఘోరంగా కాలింది.

ఊరు అలవాటు పడిపోయింది. ఒక్కడు అలవాటు పడలేదు.

క్లీవ్‌లాండ్ మేయర్ కార్ల్ స్టోక్స్. అమెరికాలో ఒక పెద్ద నగరానికి ఎన్నికైన మొదటి నల్లజాతి మేయర్. మర్నాడే విలేకర్లని వెంటబెట్టుకుని ఆయన నది ఒడ్డుకి వెళ్లాడు. కాలిన వంతెన చూపించాడు. మురికి కలిసే చోట్లు ఒక్కోటీ చూపించాడు. ఆగస్టులో ‘టైమ్’ పత్రిక ఆ కథ రాసింది. ఫోటో దొరక్క 1952 మంటల బొమ్మ వేసింది. దేశం ఉలిక్కిపడింది. ఇటు ఈరీ సరస్సుని అప్పటికే చచ్చిపోయిన సరస్సు అంటున్నారు. 1970లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పుట్టింది. 1972లో పరిశుభ్ర జలాల చట్టం వచ్చింది. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. అమెరికా కాంగ్రెస్ ఆ వీటోని తోసిపారేసి చట్టం చేసింది.

ఆ తర్వాత జరిగింది ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. ఫ్యాక్టరీలు అనుమతి లేకుండా చుక్క వదలడానికి లేకుండా పోయింది. మురుగు శుద్ధికి డబ్బు కుమ్మరించారు. ఏళ్లు గడిచాయి. ఒక చేప వచ్చింది. ఇంకో చేప వచ్చింది. ఒకప్పుడు ఏమీ బతకని నీళ్లలో 60కి పైగా రకాలు లెక్క తేలాయి. 2019లో, మంట పుట్టిన యాభయ్యో ఏట, కుయహోగాలో పట్టిన చేపని తినొచ్చని అధికారులు ప్రకటించారు. చచ్చిందన్న సరస్సు ఈరీ, ప్రపంచంలో వాలై చేపకి పేరుపడ్డ నీళ్లయింది. చీకటి పడే వేళ మసక వెలుతురులో ఆ చేప కళ్లు మెరుస్తాయి. మిగతా చేపలకి చూపు ఆనని వేళ దానికి వేట. గాలం వేసేవాళ్లు సాయంత్రం కోసం కాచుకునేది అందుకే.

ఒక తరం కష్టపడితే ఆ చేప తిరిగొచ్చింది. దాని కడుపులో సీసం కుక్కి తూకం వేస్తే ఆ ఊరు ఎందుకు ఊరుకుంటుంది?

ఇక్కడ ఉప్పల్‌లోనూ ఒక నది ఉంది.

అనంతగిరి కొండల్లో పుట్టి, ఉస్మాన్ సాగర్ దాటి, హిమాయత్ సాగర్ నుంచి వచ్చే పాయని కలుపుకుని, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, అంబర్‌పేట మీదుగా నాగోల్ వంతెన కిందికి వస్తుంది మూసీ. అక్కణ్ణించి ఉప్పల్ భగాయత్ పక్కనుంచి తూర్పుకి మళ్లి, మొత్తం దాదాపు 240 కిలోమీటర్ల నడక ముగించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న ఇదే నది పొంగి నగరాన్ని ముంచేసి వేల ప్రాణాలు తీసుకుంది. ఆ దెబ్బతోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆగింది. తర్వాత నగరం పెరిగింది. నదిలోకి వచ్చే నీళ్లు మారిపోయాయి.

ఎండాకాలం సాయంత్రం మెట్రో దిగి నాగోల్ వంతెన మీద నడిచేవాళ్ల చెయ్యి తెలియకుండానే ముక్కు మీదికి పోతుంది. కింద నల్లటి నీళ్లు, తెల్లటి నురగ. ఒడ్డు పొడుగునా పశువుల గడ్డి పచ్చగా ఊగుతుంటుంది. అది తాగేదీ ఆ నీళ్లే. ఇళ్ల మురుగు ఒకవైపు నుంచి, నాచారం, ఉప్పల్ లాంటి పారిశ్రామికవాడల నాలాలు ఇంకోవైపు నుంచి. వానాకాలం జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మాత్రం నది నిండా ఎర్రటి కొత్త నీళ్లు ఉరికొస్తాయి. జనం బండ్లు ఆపి చూస్తారు. పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తారు. నాలుగు రోజులు పోయాక గేట్లు మూస్తారు.

నలుపు తిరిగొస్తుంది.

అలాగని ఏమీ జరగడం లేదనడానికి లేదు. అంబర్‌పేటలో రోజుకి 33.9 కోట్ల లీటర్లు, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లు మురుగుని శుభ్రం చేసేలా కట్టిన కేంద్రాలు ఉన్నాయి. ఉప్పల్ నల్లచెరువు దగ్గర కూడా శుద్ధి కేంద్రం ఉంది. 2017లో మూసీ కోసమే ఒక ప్రత్యేక కార్పొరేషన్ పెట్టారు. యంత్రాలున్నాయి, సంస్థలున్నాయి. కానీ క్లీవ్‌లాండ్‌లో లెక్కని మార్చింది యంత్రాలొక్కటే కాదు. నీళ్లలోకి ఏం వదిలావో చెప్పు, చెప్పింది అబద్ధమైతే శిక్ష అనుభవించు అన్న పట్టుదల. ఆ పట్టుదల నది విషయంలో మొదలై, యాభై ఏళ్లకి చేప కడుపు దాకా వచ్చింది.

ఇక్కడ గాలం తెలిసినవాళ్లకి కొదవ లేదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, అదే కొర్రమట్ట. బాస్‌కి ఏమాత్రం తీసిపోని వేటగాడు. గడ్డి మాటున కదలకుండా కాచుకుని కూర్చుంటుంది. కప్ప ఎగిరిందా, నీళ్లు పగులుతాయి. నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే తొట్లో గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. పిల్లలు ఈదడం నేర్చేదాకా తల్లీ తండ్రీ దగ్గరుండి కాపలా కాస్తాయి. అలాంటి చేప చెరువుల్లో, ఊరవతల కుంటల్లో, పెంపకం మళ్లలో దొరుకుతుంది. నాగోల్ వంతెన కింద దాని కోసం ఎవడూ గాలం వెయ్యడు. వేసినా తినడు.

పోటీ అంటే జనం డబ్బు వెయ్యడం, పడవ దించడం, కప్పు ఎత్తడం మాత్రమే కాదు. ముందు నీళ్లు బతికుండాలి. తర్వాత చేప బతికుండాలి. ఆ తర్వాతే తూకం, ఆ తర్వాతే గెలుపు. గోర్డన్ పార్క్‌లో ఆ ఇద్దరూ మోసం చేసింది పోటీదారుల్ని మాత్రమే కాదు, చచ్చిన నీళ్లకి ప్రాణం పోసిన ఊరు మొత్తాన్ని. అందుకే కత్తి దిగింది, కోర్టు కదిలింది, పడవ పోయింది.

మూసీ దగ్గర కత్తి దిగాల్సింది చేప మీద కాదు. రాత్రిపూట నాలాలోకి తెరుచుకునే గొట్టం ఎవరిది, శుద్ధి చేశామని రాసిన కాగితం నిజమా, లోపలికి వచ్చిన మురుగెంత, బయటికి పోయిన నీళ్లెలా ఉన్నాయి? ఆదివారం పొద్దున చేప కడుపు మీద బొటనవేలు పెట్టి అడిగినంత మొండిగా ఉప్పల్, నాచారం జనం ఈ ప్రశ్నలు అడగాలి. కాలిన నది యాభై ఏళ్లలో చేపకి ఇల్లయింది. మూసీకి మంట అంటుకునే దాకా ఆగక్కర్లేదు. అడగడం ఇవాళే మొదలెట్టొచ్చు.